తినొచ్చినవా

హనుమవ్వ ఏడ్వదు. నోయల్‌కు ఉన్న పెద్ద బెంగ అదే.

ఆదివారం పదకొండు కొట్టేసరికి ఆ చర్చిలో ఏడ్వని మనిషి కనబడడు. కర్ణాటకలో, బీదర్ ధాన్యం బజారు గాంధీ గంజ్ వెనక వీధిలో, రేకుల కప్పు కింద, నూట యాభై మంది చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకొని, చెంపలు తడిసేలా ఏడుస్తుంటారు. వాళ్ళందరి మధ్య, ఆడవాళ్ళ వైపు రెండో స్తంభం పక్కన, కొంగు తలమీద నిండుగా కప్పుకొని హనుమవ్వ కూర్చొని ఉంటుంది. చేతులు ఒళ్ళో ఉంటాయి. కళ్ళు తెరిచే ఉంటాయి. ఎవరి బిడ్డయినా పాక్కుంటూ కరెంటు వైర్ల దగ్గరికి పోతే లేచి ఎత్తుకొచ్చేది ఆమే. వేదిక మీద కీబోర్డు వాయించే నోయల్‌కు ఆ తెరిచిన కళ్ళు కనబడగానే ఒళ్ళు మండిపోతుంది. ఎందుకంటే ఆమె అతని కన్నతల్లి.

నోయల్‌కు ఇరవై ఆరేళ్ళు. వారమంతా బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేస్తాడు, ఆదివారం ఆరాధన నడిపిస్తాడు. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే అనుకుందాం, ఎందుకంటే తర్వాత మీకు అతని మీద కోపమొస్తుంది. దేవుడంటే అతనికి నిజంగానే ప్రేమ. కాకపోతే ఆ ప్రేమ కంటికి కనబడాలి, చెవికి వినబడాలి, ఫోన్లో పదిమందీ చూడాలి అనే చోట ఇరుక్కుపోయాడు. హైదరాబాదులో మూడు రోజుల సంగీత శిబిరానికి పోయి ఒక కిటుకు నేర్చుకొచ్చాడు. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టగానే కీబోర్డు మీద రెండు మీటలు నొక్కిపట్టి ఉంచాలి. శబ్దం సన్నగా సాగుతుండాలి, మధ్యలో తెగకూడదు. తెగిందంటే జనం కళ్ళు తెరుస్తారు. కళ్ళు తెరిస్తే పొయ్యి మీద పెట్టొచ్చిన పప్పు గుర్తొస్తుంది. ఆ రెండు మీటలతో నూట యాభై మందిని ఏడిపించగలడు నోయల్. ఒక్క మనిషిని తప్ప.

హనుమవ్వ బీదర్ పక్క పల్లె కమఠాణలో పుట్టింది. పెళ్ళై ఈ చర్చికొచ్చాక బాప్తిస్మం రిజిస్టర్లో ఇంకేదో పేరు రాశారు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె పలకదు. "దేవునికి నన్ను ఎట్ల పిలవాల్నో ఎరుకే" అంటుంది. మొగుడు గంజ్‌లో హమాలీ, బస్తాలు మోసి మోసి నడుం పోయి, పదేళ్ళ కిందట మనిషే పోయాడు. అప్పట్నించి పప్పు మిల్లులో కందులు చెరిగి కొడుకును పెంచింది. నిండుకుండ తొణకదంటారు, అట్లాంటి మనిషి.

ఆ చర్చికి ఒక పాత ఆనవాయితీ ఉండేది. గంజ్ హమాలీలూ మిల్లు కూలీలూ కట్టుకున్న చర్చి అది. రోజంతా మోసినవాళ్ళు ఆదివారం పొద్దున ఏమీ తినకుండానే వచ్చేవాళ్ళు. నలభై ఏళ్ళ కిందట ఒక బాలింత ప్రార్థన మధ్యలో దబ్బున పడిపోయింది. చూస్తే రెండు రోజులుగా ఆమె కడుపులో మెతుకు లేదు. అప్పటి పెద్దలకు తల కొట్టేసినట్టయింది. మన మధ్య కూర్చున్న మనిషి ఆకలి మనకు తెలియకపోతే ఇంక దేవునికేం మొరపెడతామని, ఆ మరుసటి వారం నుంచి తలుపు దగ్గర గంప పెట్టారు. గంపలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. వచ్చిన ప్రతి మనిషినీ తలుపు దగ్గర ఒకటే అడిగేవాళ్ళు: "తినొచ్చినవా?" లేదంటే సగం రొట్టె చేతిలో పెట్టేవాళ్ళు. అది వరండాలో కూర్చొని తిని లోపలికి రావాలి. తిన్నవాళ్ళు కూడా ఒక తునక తీసుకునేవాళ్ళు, తినని మనిషికి సిగ్గు కాకూడదని.

ఇరవై రెండేళ్ళు ఆ రొట్టెలు చేసింది హనుమవ్వ. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి లేచి నలభై రొట్టెలు తట్టేది. అడగందే అమ్మైనా పెట్టదని సామెత ఉంది గదా, అది హనుమవ్వను చూడనివాళ్ళెవరో అన్నమాట. ఆమె పెట్టేది. తలుపు దగ్గర ఆ ప్రశ్న ఏసప్ప అడిగేవాడు. ఏసప్ప చర్చి పెద్ద, హనుమవ్వ మొగుడికి జోడీ హమాలీ. అరవై దాటినా ఇప్పటికీ భుజం వంగని మనిషి.

నిరుడు పాస్టర్ జాషువా వచ్చాడు. హళ్ళిఖేడ్ వైపు కుర్రాడు, ముప్ఫై నిండలేదు. అతనూ నోయలూ కలిశాక చర్చి కొత్తగా తయారైంది. గోడకు నల్లగుడ్డ, రంగురంగుల లైట్లు, ముసలివాళ్ళను దగ్గించే పొగ మిషను, తెర మీద ఐదు నిమిషాల నుంచి వెనక్కు లెక్కపెట్టే అంకెలు. సున్నా పడగానే డ్రమ్ము మోగాలి. మరి తలుపు దగ్గర జనం రొట్టె తింటూ నిలబడితే సున్నా ఎట్లా పడుతుంది?

"అవ్వా, గంప బంద్ చేద్దామే" అన్నాడు నోయల్ ఒకరోజు. తల్లిని అతను అవ్వా అనే పిలుస్తాడు. "కొత్తోళ్ళు వస్తుండ్రు. తలుపుకాడ రొట్టె పంచితే పెండ్లిండ్ల శాదీఖానా లెక్క కొడ్తాంది."

"సరే బిడ్డా" అంది హనుమవ్వ. గంప కడిగి, ఎండబెట్టి, గోడకు బోర్లా తగిలించింది. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆదివారం ఐదింటికి మాత్రం అలవాటు కొద్దీ లేచి, చేసే పని లేక గడపలో కూర్చొనేది.

గంప పోయి దుప్పట్లు వచ్చాయి. అవేంటంటే, ఆరాధన ఊపందుకున్నాక కొందరు వణికి, ఊగి, వెనక్కి పడిపోతారు. ఆత్మలో పడ్డారంటారు. ఆడవాళ్ళు పడితే బట్టలు చెదరకుండా మీద కప్పడానికి ఆరు దుప్పట్లు వేదిక పక్కన మడతపెట్టి ఉంచుతారు. పడకముందే దుప్పట్లు లెక్కపెట్టి ఉంచిన చోటు మీరెక్కడన్నా చూశారా? ఒక ఖాయిదా కూడా పెట్టారు. పడినవాళ్ళను ముట్టొద్దు. దేవుడు పనిచేస్తుంటే మధ్యలో చెయ్యి పెట్టొద్దు.

ఒక శనివారం రిహార్సలయ్యాక పాస్టర్ జాషువా నోయల్ భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్మీ, ఒక మాట చెప్త, ఏమనుకోకు. ఇంట గెలిచి రచ్చ గెలవాలె. ఊరంతా కరుగుతాంది, మీ అవ్వ కరుగుతలేదు. వచ్చే ఆదివారం అభిషేక ఆరాధన పెట్టినం. మీ ఇంట్లకెల్లి మొదలైతే ఎంత సాక్ష్యమైతది!"

సూది గుచ్చుకున్నట్టయింది నోయల్‌కు. వారమంతా ఆ మాటే నమిలాడు. గురువారం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తల్లి మీద పడ్డాడు.

"అందరి అవ్వలు ఏడుస్తుండ్రు. నువ్వొక్కదానివే బండ లెక్క కూసుంటవ్. నాకు ఇజ్జత్ పోతాంది అవ్వా. నీకు దేవుని మీద ప్రేమ లేదా?"

కందిపప్పులో రాళ్ళు ఏరుతున్న హనుమవ్వ తలెత్తి చూసింది. కోపం రాలేదామెకు.

"నాకు ఏడుపొచ్చినప్పుడు ఏడ్సిన బిడ్డా. మీ నాయిన పోయినప్పుడు ఏడ్సిన. నీకు జరమొచ్చి ఫిట్సొచ్చినప్పుడు ఏడ్సిన. దేవుడు సూసిండు. ఇప్పుడు కడుపు సల్లగుంది, ఎందుకు ఏడ్వాలె?"

జవాబు లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు, గొంతు పెంచుతాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడు. చివరికి గొంతు తగ్గించి, చిన్నప్పుడు పుట్నాలకు మారాం చేసినట్టు అడిగాడు. "మూడొద్దులు ఉపాసముండు అవ్వా. శుక్రారం, శనారం, ఆదివారం. ఉత్త నీళ్ళే. నాకోసం."

"నీకోసమైతే ఉంట" అంది హనుమవ్వ. "మరి షుగర్ గోలీ?"

"గోలీ ఏసుకో. ఒక్కపూట గూడ మానద్దన్నడు గదా డాక్టరు."

డాక్టరు అన్నది నిజమే. అన్నం తిన్నాక వేసుకొమ్మని కూడా అన్నాడు. ఆ సగం నోయల్‌కు గుర్తు రాలేదు. హనుమవ్వకు గుర్తొచ్చిందో లేదో, చదువుకున్న కొడుకు చెప్పాడు గదా అనుకుంది.

ఆదివారం వచ్చింది. ఆమె రెండో స్తంభం పక్కన తన చోట కూర్చుంది. తలుపు దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. తెర మీద అంకెలు సున్నాకు దిగాయి, డ్రమ్ము మోగింది, పొగ లేచింది. పాస్టరు చెల్లెలు నేహా ఫోను పట్టుకొని లైవ్ తీస్తోంది. నోయల్ ఒకటే పల్లవిని పట్టుకొని తిప్పి తిప్పి పాడిస్తున్నాడు. ఇరవయ్యో సారో ముప్ఫయ్యో సారో, అప్పుడు చూశాడు తల్లిని.

హనుమవ్వ లేచి నిలబడి ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది. ముఖం మీద చెమట ధారలు కట్టింది. జీవితంలో ఎన్నడూ తలమీంచి జారని కొంగు జారి భుజం మీద పడింది. ఆమె కుడిచెయ్యి లేచింది. పెదాలు కదిలాయి. రెండుసార్లు, మూడుసార్లు. ఆ తర్వాత నిలువునా వెనక్కి పడిపోయింది.

నోయల్ గుండె పొంగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రభువా, మా అవ్వను ముట్టినవా అనుకున్నాడు. పాటను ఒక మెట్టు పైకెత్తాడు, డ్రమ్ము కుర్రాడికి తలతో ఇంకా గట్టిగా కొట్టమని సైగ చేశాడు. పాస్టర్ జాషువా మైకులో గ్రంథభాష అందుకున్నాడు. "చూడండి! ఇరవై ఏళ్ళుగా కరగని హృదయం ఈ దినమున కరుగుచున్నది!" చప్పట్లతో రేకులు అదిరాయి. ఎవరో వచ్చి దుప్పటి కప్పారు. నేహా ఫోను దగ్గరికి తెచ్చింది. పన్నెండు నిమిషాలు అట్లా నడిచింది.

వెనక వరసలో ఏసప్పకు మొదట ఏమీ కనబడలేదు. పొగలో దగ్గుతూ కూర్చున్నాడు. పడింది ఎవరని పక్కమనిషిని అడిగి, పేరు వినగానే లేచాడు. గంజ్‌లో నలభై ఏళ్ళు బస్తాలు మోసినవాడు. ఎండకు పడినవాణ్ణి, తాగి పడినవాణ్ణి, ఆకలికి షుగరు దిగి పడినవాణ్ణి దూరం నుంచే పోల్చగలడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి దుప్పటి లాగాడు.

"ముట్టొద్దే పెద్దమనిషీ! ఆత్మల ఉన్నది!" అని ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ చెయ్యి తోసేసి నుదురు ముట్టాడు. ఐసుగడ్డలా చల్లగా ఉంది. జాకెట్టు చెమటకు ముద్దయింది. నోయల్, నోయల్ అని అరిచాడు. ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? ఇంక అరవలేదు. తిన్నగా గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

లైట్లు పోయాయి. పాట పుటుక్కున తెగింది. అప్పుడు వినబడింది అందరికీ, రెండో స్తంభం పక్కన నేలమీద గురగురమని తెగిపోతున్న ఊపిరి.

"అరే నోయల్! మీ అవ్వ ఆత్మల పడలే రా, ఆకలికి పడ్డది!"

ఇంకొక మాట అనకుండా వంగి, బస్తాను ఎత్తినట్టు ఆమెను భుజానికెత్తుకొని ఏసప్ప ఆటో కోసం వీధిలోకి ఉరికాడు. నోయల్ వెనకాల ఉరికాడు, కాళ్ళకు చెప్పులు లేకుండా.

ఆసుపత్రిలో వేలు గుచ్చి చూస్తే షుగరు ఇరవై ఆరుకు పడిపోయి ఉంది. డాక్టరమ్మ నరానికి గ్లూకోజు ఎక్కిస్తూనే కన్నడంలో నిలదీసింది. ఎన్ని రోజులైంది తిని? తినకుండా మాత్ర ఎవరు వేయమన్నారు? పడి ఎంతసేపైంది? మీరంతా ఏం చేస్తున్నారు అప్పటిదాకా?

"నేనే ఏసుకొమ్మన్న" అన్నాడు నోయల్. ఇంక చివరి ప్రశ్నకు? పాడుతున్నామని ఏ నోటితో చెప్తాడు?

బయట బెంచీ మీద కూలబడ్డాడు. జేబులో ఫోను ఆగకుండా టింగుమంటోంది. నేహా తీసిన వీడియో ఊళ్ళు దాటి పోయింది. మూడు వేల మంది చూశారు. చేతులు జోడించిన బొమ్మలు, స్తోత్రాలు, ఏం అభిషేకం బ్రదర్ అని పొగడ్తలు. చూడొద్దనుకుంటూనే చూశాడు. ఆసుపత్రి గదా అని శబ్దం తీసేసి చూశాడు.

పాట లేకుండా చూస్తే అంతా తేటగా కనబడింది. ఆమె చెయ్యి ఆకాశంలోకి లేవలేదు. వేదిక వైపు చాచి ఉంది, కీబోర్డు వైపు. నాలుగు వేళ్ళూ ఇట్లా రా అన్నట్టు ముడుచుకుంటున్నాయి. ఆమె కళ్ళు మూసుకొని లేవు, తెరిచే ఉన్నాయి. సూటిగా కొడుకును చూస్తున్నాయి. వీడియో మూలన ఆ కొడుకు కూడా కనబడుతున్నాడు, తల్లిని చూసి నవ్వి గట్టిగా వాయిస్తున్నాడు. నోయల్ ఫోను బెంచీ మీద బోర్లా పెట్టి గోడకు తల ఆనించాడు.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి హనుమవ్వ కళ్ళు తెరిచింది. చాలాసేపు పైకప్పు చూసింది, తర్వాత పక్కన నిలబడ్డ కొడుకును చూసింది. నాలుక మందంగా తిరిగింది.

"తిన్నవా బిడ్డా?"

నిన్న పొద్దుటి నుంచి నోయల్ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ మాటకు అతని గుండె పగిలిపోయింది. మంచం పట్టీ పట్టుకొని, నేలమీద మోకాళ్ళూని, వెక్కి వెక్కి ఏడ్చాడు. ముక్కు కారి, గొంతు పూడి, చూడ్డానికి అసహ్యంగా ఏడ్చాడు.

"అవ్వా, నన్ను పిలిచినవా నిన్న?"

"పిలిచిన గదా. కండ్లు తిరుగుతున్నయి, పట్టుకొమ్మందమని." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "నీకు ఇనవడలే. పెద్ద సప్పుడు గదా."

నాలుగో రోజు ఇంటికి పంపారు. మనిషి దక్కింది గానీ కుడిచెయ్యి వణుకు పోలేదు. తగ్గొచ్చన్నారు, తగ్గకపోవచ్చనీ అన్నారు. రొట్టె తట్టే చెయ్యి అది. శనివారం సాయంత్రం పాస్టర్ జాషువా పరామర్శకు వచ్చాడు. పళ్ళు తెచ్చాడు, నిజమైన బాధతోనే ప్రార్థన చేశాడు. పోతూ పోతూ వాకిట్లో అన్నాడు.

"రేపు సాక్ష్యం చెప్పు తమ్మీ. దేవుడు చావులకెల్లి లేపిండని చెప్పు. అన్ని వేల మంది సూసిండ్రు, ఏమైందో అని ఎదురు సూస్తుండ్రు. తక్కినవన్నీ ఇప్పుడు ఎందుకు? సంఘం పేరు ఖరాబైతది."

నోయల్ అతన్ని వీధి మలుపు దాకా సాగనంపి వచ్చాడు. ఆ రాత్రి గోడకున్న గంప దింపి దుమ్ము దులిపాడు. తెల్లవారి ఐదింటికి తల్లి పక్కన కూర్చొని చెప్తుంటే జొన్నపిండి కలిపాడు. మొదటి ఆరు రొట్టెలు విరిగిపోయాయి. "ఉడుకు నీళ్ళు పొయ్యి బిడ్డా, సబర్‌తోని, నిదానంగ తట్టు" అంటూ ఆమె ఒకపక్క నవ్వింది కూడా. తొమ్మిదైనా ఇరవై ఒక్క రొట్టెలే అయ్యాయి, ఒక్కటీ గుండ్రంగా లేదు.

ఆ ఆదివారం చర్చి కిటకిటలాడింది. వీడియో చూసి వచ్చిన కొత్తవాళ్ళే యాభై మంది. తల్లిని గంపతో రెండో స్తంభం పక్కన కూర్చోబెట్టొచ్చి నోయల్ మైకు పట్టుకోగానే, అలవాటు ప్రకారం, అతని చోట కూర్చున్న కుర్రాడు రెండు మీటలు నొక్కిపట్టాడు. సన్నటి శబ్దం లేచింది. జనం కళ్ళు మూసుకోబోయారు.

"బంద్ చెయ్యి" అన్నాడు నోయల్.

కుర్రాడు అర్థం కాక చూశాడు. నోయల్ తానే పోయి తీగ ఊడబీకాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ మిగలలేదు.

"మా అవ్వ ఆత్మల పడలే. షుగర్ ఉన్న మనిషిని నేనే మూడొద్దులు పస్తుంచిన. గోలీ ఏసుకొమ్మని గూడ నేనే చెప్పిన. పడేముంగట అవ్వ నన్ను పిలిచింది. చెయ్యి సాపి, పేరు పెట్టి, మూడుసార్లు పిలిచింది." తీగ ఊడిన కీబోర్డు వైపు వేలు చూపించాడు. "నేను ఇంకింత గట్టిగ వాయించిన."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. దేనికని అంటారు? పాస్టర్ జాషువా కుర్చీలో తల వంచుకున్నాడు. నేహా ఫోను ఆపి ఒళ్ళో పెట్టుకుంది.

నోయల్ మైకు పక్కన పెట్టేశాడు. ఉత్త గొంతుతో, వెనకవాళ్ళకు వినబడేలా అడిగాడు.

"ఇయ్యాల ఎవరన్న తినక వచ్చిండ్రా?"

ఆ ప్రశ్నకు వాళ్ళు అలవాటు తప్పి ఏడాదైంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కూడా మొహమాటపడ్డారు. అప్పుడు వెనక వరసలో, మిల్లులో పనిచేసే ఒక బక్కపలచని పిల్ల చెయ్యి లేచింది. ఆ తర్వాత గోడ పక్కన ఒక ముసలాయన చెయ్యి. ఇంకొకటి, ఇంకొకటి. తొమ్మిది చేతులు లెక్కపెట్టాడు ఏసప్ప. ప్రతి ఆదివారం వీళ్ళంతా ఇక్కడే ఉన్నారు, ఇవే చేతులు పైకెత్తారు, ఏడ్చారు కూడా. ఎందుకు ఏడుస్తున్నారని ఎవరూ అడగలేదు.

అందరికంటే చివర, కుర్చీలోంచి, పాస్టర్ జాషువా చెయ్యి లేచింది. శుక్రవారం నుంచి ఉపవాసముండి అతనూ ఏమీ తినలేదు.

రెండో స్తంభం పక్కన హనుమవ్వ గంప మీది గుడ్డ తీసింది. వణికే చేత్తో ఒక రొట్టె అందుకొని, విరవలేక కొడుకు చేతికిచ్చింది. నోయల్ దాన్ని సగానికి విరిచి మొదట ఆ మిల్లు పిల్ల దగ్గరికి పోయాడు.